పట్టుకున్న చేతికి బిరుదు

ధూమ్రద్వీపం సముద్రం నడుమ ఆరని కుంపటిలా ఉంటుంది. చుట్టూ ఉక్కురంగు రాళ్లు, ఆ రాళ్లను అల్లుకున్న పగడాలు, పగడాల సందుల్లోంచి బుసలు కొట్టే ఆవిరి బుగ్గలు. మధ్యలో ఆకాశాన్ని పొడుస్తున్నట్టు ఒక కొండ, దాని కడుపులో పగలూ రాత్రీ మండే అగ్నిగుండం. ఆ కొండ మీది చెట్లకు ఆకులుండవు, రాగి రేకులుంటాయి. గాలి తగిలినప్పుడల్లా అవి గలగలమంటుంటే, దూరాన పడవల్లో పోయేవాళ్లకు ఎక్కడో పెళ్లి మేళం వినబడుతున్నట్టుంటుంది. ఆ మేళానికి ఆశపడి ఒడ్డు చేరిన నావ ఏదీ తిరిగి వెళ్లిన జాడ లేదు.

అలాంటి ద్వీపం రేవులో, ఆ ఉదయం, ఒక తాళ్ల వర్తకుడు దిగాడు. పొట్టి మనిషి. నెత్తిన గంపంత తలపాగా, భుజాన మోకుచుట్ట, మూతి మీద గుబురు మీసం. మీసం కొబ్బరి పీచుతో చేసింది. తలపాగా కింద బిగించి చుట్టిన కొప్పు సింధుపురిలో తాళ్లు పేనుకు బతికే చెన్నాంబది.

సింధుపురికి వానలు తెచ్చే వానశంఖాన్ని మాంత్రికుడు ధూమ్రజటుడు ఎత్తుకుపోయి చాలాకాలమైంది. బావులు అడుగంటాయి, పశువులు నిలబడ్డచోటే కూలిపోతున్నాయి. రాజుగారు సభలో అడిగితే సేనాపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెన్నాంబ ఒక్కగానొక్క కొడుకు గుండన మాత్రం లేచి, నేను తెస్తానన్నాడు. అన్నట్టే వెళ్లి శంఖాన్ని కాజేశాడు కూడా. తీరా ద్వీపం దాటబోతూ పట్టుబడ్డాడు. శంఖం ఎక్కడ దాచాడో ఎంత హింసించినా చెప్పలేదు. ముందురోజు ఒక రాబందు కోట బురుజు మీద వాలి, మనిషి గొంతుతో మాట్లాడింది. మర్నాడు సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా గుండన నోరు విప్పకపోతే, ధూమ్రజటులవారు వాణ్ణి అగ్నిగుండంలో పడేయిస్తారని చెప్పి ఎగిరిపోయింది.

రాజుగారు పడవలు సిద్ధం చేయమన్నారు. పడవలకు ముహూర్తం చూడమన్నారు. చెన్నాంబ ముహూర్తం దాకా ఆగలేదు. కొడుక్కి తుమ్ము వస్తే జ్వరమని, జ్వరం వస్తే ఇక ప్రాణం దక్కదని భయపడే మనిషి ఆమె. అలాంటి మనిషికి అసలైన ఆపద వచ్చేసరికి, భయపడటానికి కొత్తగా ఏమీ మిగల్లేదు.

రేవులో కాపలా ఉన్నవాళ్లు శునకముఖులు. మెడదాకా మనుషులు, పైన కుక్క తలలు. వాళ్లలో పెద్దవాడు ఆమె చుట్టూ తిరిగి వాసన చూసి, మీసం చూస్తే సింహం, మనిషిని చూస్తే ఎలుక అని వెక్కిరించాడు. మిగిలినవాళ్లు మొరిగినట్టు నవ్వారు. చెన్నాంబ గొంతు బొంగురు చేసి, ధూమ్రజటులవారి నావలకు లంగరు తాళ్లు తెచ్చానని, ఆలస్యమైతే ఎవరి తల ఎగురుతుందో తనకు తెలియదని అంది. తల మాట వినగానే వాళ్లు తోవ ఇచ్చారు.

ఆ తోవ చివర ఇనుప తలుపు దగ్గర ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. తెల్లటి చర్మం ఎండకు కమిలి ఎర్రబడింది. కాలికి గొలుసు, మొలకు తాళపుచెవుల గుత్తి. పడమటి సముద్రాలకు ఆవల ఉన్న రోమక దేశం నుంచి వస్తూ నావ పగిలి ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చిన లూకియుడు అతను. ఒకప్పుడు తన దేశంలో పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఇక్కడ తలుపులకు కాపలా. తాళ్లు ఎంతకిస్తావని అతను అడిగితే చెన్నాంబ నోట అసలు మాట జారిపోయింది.

"లోపల ఖైదులో ఉన్నవాళ్లకు అన్నం పెడుతున్నారా బాబూ?"

లూకియుడు ఆమెను పరకాయించి చూశాడు. ఏ వర్తకుడూ ధర చెప్పకముందు ఆ మాట అడగడు. అతను చెయ్యి చాచి మీసం కొసను మెల్లగా లాగాడు. అది ఊడి అతని చేతిలోకి వచ్చింది. అతను ఆ మీసాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, తలుపు తీశాడు. ఆమె దాన్ని మళ్లీ మూతికి అంటించుకుంది.

"ఆ కుర్రవాడు నీ పోలికే తల్లీ. మొండి గడ్డం. రా, మధ్యాహ్నం కాకముందే వెళ్లాలి."

తలుపు పక్కన పడున్న ఇనుపకమ్మీని ఆమె గొలుసు సందులో పెట్టి మెలితిప్పేసరికి అతని కాలి గొలుసు తెగింది. ఇద్దరూ కొండలోని సొరంగంలో పడ్డారు. దారంతా ఆవిరి బుగ్గలే. ఒకటి చల్లారగానే పరుగెత్తి, మరొకటి ఎగజిమ్మేలోపు గోడకు అతుక్కుపోవాలి. ఒక మలుపులో నెత్తిన జ్యోతిలాంటి మణి వెలుగుతుండగా రాతిపాము పడగ విప్పి లేచింది. లూకియుడు దేవుణ్ణి తలుచుకునేలోపు చెన్నాంబ మోకును ఉచ్చు చేసి విసిరింది. అది పాము మెడకు పడింది. ఆమె లాగిన విసురుకు పాము పక్కనున్న బుగ్గలో పడి, చింతనిప్పులో నీళ్లు చల్లినట్టు చుయ్యిమంది.

నడుస్తూ లూకియుడు విషయం చెప్పాడు. గుండనను కాపలా కాస్తున్నది మనిషి కాదు, తాటిచెట్టంత కంచుభటుడు. అగ్నిగుండం అంచున నిలబడి, పిడికిట్లో గుండనను పట్టుకుని, చెయ్యి గుండం మీదికి చాచి ఉన్నాడు. మాంత్రికుడు వదలమంటేనే వదులుతాడు. ఇంకెవరు వదలమని అడిగినా పిడికిలి మరింత బిగిస్తాడు. అది ధూమ్రజటుడు వేసిన మంత్రపు కట్టు. ఉచ్చు వేసి గుండనను పైకి లాగడం తప్ప మార్గం లేదన్నాడు లూకియుడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో నమ్మకం లేదు.

"ఆ భటుణ్ణి ఏమని పిలవాలి అన్నా? పేరు లేకుండా పిలిస్తే కోపమొస్తుందేమో."

"మాంత్రికుడు వేకోర్స్ అంటాడు తల్లీ. మా రోమక భాషలో గుండె తప్పినవాడని అర్థం."

ఎవరినైనా రోజూ అలా పిలిస్తే గుండె తప్పకేం చేస్తుందని చెన్నాంబ గొణుక్కుంది. ఆ భాషలో ఒక మంచి మాట నేర్పమంది. ఆమె భయం ఆమెది. పరాయి దేశపువాడి ఇంటికి వెళ్తూ ఒక్క మర్యాద మాటైనా రాకపోతే ఎలా?

లూకియుడు అప్పుడు ఆ భటుడి పుట్టుక చెప్పాడు. రోమక దేశపు కమ్మరులు కంచుభటులను పోతపోసి రేవుల్లో నిలబెట్టేవాళ్లు, మునిగిపోయే నావికులను నీళ్లలోంచి ఎత్తి ఒడ్డున పెట్టడానికి. భటుడు పట్టి కాపాడినవాళ్లలో ఒకరు, లేదా వాళ్ల కన్నవాళ్లలో ఒకరు, అతనికి మనసారా దండం పెట్టి ఒక బిరుదు ఇచ్చేవారు. అది అందిన నాటి నుంచి భటుడు తన ఇష్టానికి తాను నడుచుకునేవాడు, ఎవరి కట్టూ పనిచేసేది కాదు. ఈ భటుణ్ణి ధూమ్రజటుడు ఆ పుణ్యం దక్కకముందే ఎత్తుకొచ్చాడు.

"ఇక్కడ ఇతను పట్టుకున్నవాళ్లంతా ఇతణ్ణి తిట్టి చచ్చినవాళ్లే. చెరపట్టిన చేతికి ఎవరు దండం పెడతారు?" అన్నాడు లూకియుడు.

ఆ బిరుదు మాట ఏమిటని ఆమె అడిగింది. మిసెరికోర్స్ అన్నాడు. ఆ మాట పలికేటప్పుడు అతని వీపు నిటారైంది, కళ్లలోకి పాత బడి వెలుగు వచ్చింది. మిసెర్ అంటే దీనుడు, కోర్ అంటే గుండె, ఆ రెండింటినీ కలిపితే దీనుల కోసం కొట్టుకునే గుండె ఉన్నవాడని అర్థం అన్నాడు. నడుమ ఇకారమొకటి చిన్న పురిలా పడుతుందట. రెండు పాయలు పేనితే తాడైనట్టన్నమాట అని చెన్నాంబ చప్పున పట్టేసింది. ఇంతలో అతను, ఆ మాటకు తోకలు మారతాయని మొదలుపెట్టాడు. మిసెరికోర్స్ అంటే అతడు. మిసెరికోర్దిస్ అంటే అతడి యొక్క. మిసెరికోర్దీ అంటే అతడికి. మిసెరికోర్దెమ్ అంటే అతణ్ణి.

"ఆ దకారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"గుండె అనే మాటలోనే ఉంది తల్లీ. ఊరికే ఉన్నప్పుడు కనబడదు. తోక తగిలితే బయటికి వస్తుంది."

పడవకు కట్టేటప్పుడు ఒక ముడి, చేదకు ఒక ముడి, ఎద్దుకు ఒక ముడి, తాడు మాత్రం అదే కదా అని చెన్నాంబ సమాధానపడింది. ఆడవాళ్లనైతే ఏమనాలని అడిగింది. మొదటి రూపం మగవాడికైనా, ఆడదానికైనా, ప్రాణం లేని వస్తువుకైనా ఒక్కటేనని లూకియుడు చెప్పాడు. వినడానికి బాగుంది గానీ, తప్పు తోక తగిలిస్తే వాడు నా బిడ్డను నలిపేస్తాడేమో అనే భయం ఆమెను వెంటనే పట్టుకుంది. అందుకని దారి పొడవునా అన్ని రూపాలనూ జోలపాటలా వల్లిస్తూ నడిచింది. మిసెరికోర్స్, మిసెరికోర్దిస్, మిసెరికోర్దీ, మిసెరికోర్దెమ్.

సొరంగం చివర వెలుగు కనబడింది. వేడి మొహాన కొట్టింది. కొండ పైకప్పు విరిగిపడిన చోటు నుంచి ఎండ లోపలికి దిగుతోంది. ఆ ఎండలో కంచుభటుడు నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా పాచిపట్టిన పచ్చదనం, రొమ్ము మీద సముద్రపు గవ్వలు, మూసిన కనురెప్పలు. చాచిన కుడిచేతి పిడికిట్లో గుండన, తల వాల్చి, స్పృహ లేకుండా. కింద ఎక్కడో లోతున నిప్పు కుతకుతలాడుతోంది.

వదులు అనే మాట చెన్నాంబ నాలుక చివరిదాకా వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. లూకియుడు ఆమె భుజాన మిగిలిన మోకుతో ఉచ్చు చుట్టి విసిరాడు. అది సగం దూరం పోయి, వేడికి పొగలు కమ్మి, మండుతూ గుండంలో పడింది. మిగిలిన ముక్కను మళ్లీ విసిరాడు. మళ్లీ మండిపోయింది. నీడలు అప్పటికే కాళ్ల కిందికి కుంచించుకుపోతున్నాయి. ముసలివాడు అంచున కూలబడి, నన్ను క్షమించు తల్లీ అన్నాడు.

చెన్నాంబకు అతని మాట వినబడలేదు. ఆమె కొడుకునే చూస్తోంది. ఎప్పుడూ చెడే ఊహించే ఆమె కళ్లు, ఆ చెయ్యి లేకపోతే ఏమయ్యేదో చూశాయి. వాడు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పడేవాడో, ఎంతలో బూడిదయ్యేవాడో అంతా కనబడింది. అప్పుడు ఆ చేతిని చూసింది. భటుడు మణికట్టు తిప్పి పిడికిలి వెల్లకిలా పట్టుకున్నాడు. మంట తగిలే వైపు చేతి వెనుక భాగం పెట్టాడు. అక్కడ కంచు కాలి నిగనిగ ఎర్రగా ఉంది. బొటనవేలు వంచి గుండన మొహానికి గొడుగు పట్టినట్టు అడ్డుపెట్టాడు. అలా పట్టుకోమని ఏ మాంత్రికుడూ చెప్పి ఉండడు.

తాళ్లు పేనేవాళ్లకు ఒక ఆచారం ఉంది. ఏ ముడినైనా విప్పేముందు కళ్లకద్దుకుంటారు. ఇంతసేపూ పట్టి ఉంచినందుకు దండం పెట్టి, ఆ తర్వాతే విప్పుతారు. ఊళ్లో వాళ్లు దీన్ని చూసి నవ్వేవాళ్లు. వాళ్లలో ఒక దొంగను కట్టిన తాడునైనా వాడి పెళ్లాం దండం పెట్టే విప్పుతుందని, అంత తెలివితక్కువ జాతి ఇంకోటి లేదని. చెన్నాంబకు ఇప్పుడు ఆచారం గుర్తుకురాలేదు, తలపాగా దానంతట అదే చేతిలోకి వచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టింది. పీచుమీసం పీకేసింది. తడబడుతూ వెళ్లి భటుడి పాదాన్ని తాకి, తాకిన తన చేతిని కళ్లకద్దుకుంది.

"అయ్యా, నా బిడ్డ పడిపోకుండా పట్టుకున్నావు. నీ చెయ్యి కాలుతున్నా పట్టుకున్నావు. నువ్వు లేకపోతే వాడు నాకు లేడు. వదలమని నేను అనను నాయనా, గట్టిగా పట్టుకో. మిసెరికోర్దెమ్."

తోక తప్పింది. పిలిచేటప్పుడు ఆ రూపం వాడకూడదు. జీవితమంతా తోకలు దిద్దిన లూకియుడు అలవాటుగా నోరు తెరిచాడు. కంచుభటుడి మొహం చూసి మూసుకున్నాడు.

ఆ మొహం మీద పాచి పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. కనురెప్పలు కిర్రుమంటూ లేచాయి. వాటి కింద తేనెరంగు కళ్లు ఉన్నాయి. అవి మొదట చెన్నాంబను, తర్వాత పిడికిట్లో ఉన్నవాణ్ణి చూశాయి. చాచిన చెయ్యి మెల్లగా, నిండు కడవ దించినట్టు, గుండం మీది నుంచి వెనక్కి వచ్చి, రాతి గట్టు మీద ఆనింది. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

చెన్నాంబ కొడుకు మీద పడిపోయింది. ఒళ్లంతా తడిమింది, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది, నడుముకున్న తిత్తిలోని నీళ్లు మొహాన చల్లింది. గుండన కళ్లు తెరిచి, అమ్మా నువ్వెందుకొచ్చావు, ఇక్కడ ప్రమాదం అన్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంటికి పద, ప్రమాదం సంగతి నీకు నేను నేర్పుతాను అంది. తర్వాత ఆగి, ముందు ఆయనకు దండం పెట్టు అని భటుడి వైపు చూపించింది. గుండన పెట్టాడు.

శంఖం ఎక్కడరా అని లూకియుడు ఆత్రంగా అడిగాడు. గుండన భటుడి తలకేసి చూసి చిలిపిగా నవ్వాడు. శునకముఖులు తరుముతుంటే భటుడి వీపు మీదుగా ఎగబాకి, ఎడమ చెవిలో దోపేశాడట. మాంత్రికుడు రోజూ ఆ చెవిలోకే ఆజ్ఞలు అరిచి పోతుంటే లోపల తనకు నవ్వాగేది కాదట.

ఆ నవ్వు ముగియకముందే ఎండ మసకబారింది. కొండ నెత్తిన, రెండు రాబందుల మీద చెరో కాలు వేసుకుని, పొగలు కక్కే జడలతో ధూమ్రజటుడు దిగుతున్నాడు. కింద చూసి ఒక్కక్షణం నమ్మలేకపోయాడు.

"వేకోర్స్, ముగ్గుర్నీ గుండంలో తోసెయ్."

భటుడు కదల్లేదు. మాంత్రికుడు మళ్లీ అరిచాడు. భటుడు తల తిప్పి, ఆ పేరు తనది కాదన్నట్టు చూశాడు. తర్వాత వంగి, రెండు చేతులూ దోసిలి పట్టి ముగ్గుర్నీ ఎత్తుకుని, కొండగోడను భుజంతో గుద్దాడు. గోడ పగిలి అవతల నీలి సముద్రం కనబడింది. ఒక అడుగు రేవులో వేశాడు, శునకముఖులు తలోదిక్కూ పరుగెత్తారు. రెండో అడుగు సముద్రంలో వేశాడు.

వెనుక ధూమ్రజటుడు జడలు విదిల్చాడు. ఒక్కో వెంట్రుకా ఒక్కో నిప్పుబాణమై వచ్చింది. భటుడు వీపును వాటికి అడ్డుపెట్టి నడిచాడు. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి. చెన్నాంబ దోసిలి అంచు మీద నుంచి చూస్తూ, నాయనా లోతు, లోతు అని మొత్తుకుంది. నీళ్లు గడ్డానికి వచ్చాయి. భటుడు ఒకసారి తల పైకెత్తి ఆ తేనెరంగు కళ్లతో ఆమెను చూసి, చేతులు పైకి చాచి, నీళ్లలోకి దిగిపోయాడు. సముద్రం మీద ఇప్పుడు రెండు కంచు అరచేతులు మాత్రమే, ముగ్గురు మనుషులతో, పడవలా ముందుకు పోతున్నాయి. నిప్పుబాణాలు దూరమై నీళ్లలో రాలి చల్లారుతున్నాయి. ఎదుట సింధుపురి దీపస్తంభం సన్నటి గీతలా కనబడింది. లూకియుడు ఏడుస్తున్నాడు. ఇన్నాళ్లకు ఆకాశం ఇంత పెద్దదని మళ్లీ తెలిసిందన్నాడు.

అప్పుడు చేతులు ఆగిపోయాయి.

కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత ఒక వేలు వణికింది. చేతుల చుట్టూ నీళ్లు నల్లగా మారి గిరగిరా తిరగసాగాయి. నడిసముద్రపు ఆ లోతుల్లో ధూమ్రజటుడు పెంచే అష్టపాదం ఉందని, దాని పట్టు ఏనుగుల గుంపునైనా అడుగుకు లాగుతుందని లూకియుడు చెప్పాడు. శంఖం ఊదితే దాని మాయ విడిపోవచ్చు. శంఖం భటుడి చెవిలో ఉంది. భటుడు అడుగున ఉన్నాడు.

ఎదుట ఒక చేపల పడవ తెరచాప కనబడుతోంది. కేకేస్తే అందేంత దగ్గర. గుండన ఆ పడవను చూశాడు, నీళ్లను చూశాడు, చివరికి తల్లి మొహం చూశాడు. ఆమె తనను ఏనాడూ మొలలోతు నీళ్లు దాటనివ్వలేదు. సింధుపురిలో తానే గజఈతగాడన్న సంగతి ఆమెకు ఇంకా చెప్పనేలేదు.

చెన్నాంబ కొడుకు మణికట్టును రెండు చేతులతో పట్టుకుని ఉంది. కింద కంచు వేలు మరోసారి వణికింది.

"నీకు ఈత వచ్చని నాకు తెలుసురా" అంది. "శంఖం సంగతి తర్వాత. ముందు ఆయనకేమైందో చూడు. మనల్ని ఇంకా వదల్లేదు, ఆయన్ని ఒంటరిగా వదలకు."

ఆమె చేతులు విప్పింది. గుండన ఆమె మొలలోని తాళ్లు కోసే కత్తి అందుకుని, పళ్ల మధ్య కరచుకుని ఆ నల్లటి సుడిలోకి దూకాడు. నీళ్లు అతని మీద మూసుకున్నాయి. చెన్నాంబ ఒంగి, వణుకుతున్న ఆ కంచు వేలిని ఒడిలోకి తీసుకుని, గట్టిగా పట్టుకుంది.